సైకిలును గేటు బయట వదిలి రమ్మంటారా?



ఈ వారం మనం ఒక సైకిలును గూర్చి ధ్యానించుకుందాం. నవ్వకండి. పరిశుద్ధ గ్రంథంలో గాడిదకు, ఒంటెకు, చేపల పడవకు చోటుంది. చివరకు పక్షవాత రోగిని మోసుకొచ్చిన మంచానికీ చోటుంది. పేదవాని సైకిలుకు మన ధ్యానంలో ఒక వారం చోటిస్తే తప్పేమీ లేదు.

తెల్లవారుజామున పూజకు బయలుదేరేవారు ఈ సైకిలును చూసే ఉంటారు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు ఇంకా తలుపులు తీయవు. జమ్మలమడుగు బస్టాండులో మొదటి బస్సు ఇంకా కదలదు. పులివెందుల రోడ్డు మీద అరటిగెలల లారీలు తప్ప మరేమీ ఉండవు. ఆ వేళకు ఒక మనిషి సైకిలును తోసుకుంటూ పోతుంటాడు. తొక్కుతూ కాదు, తోసుకుంటూ! ఈ సంగతిని గమనించారా? వీధిలో బ్రతికేవారి సైకిళ్లు చాలావరకు ఎక్కి తొక్కడానికి కాదు. సీటు మీద మూట ఉంటుంది. వెనుక క్యారియరు మీద అడ్డంగా ఒక చెక్క, దానికి రెండు వైపులా రెండు గోనెసంచులు. ఒక దానిలో అట్టపెట్టెలు, కాగితాలు. రెండవ దానిలో ప్లాస్టిక్ సీసాలు, ఇనుప ముక్కలు. హ్యాండిలుకు ఒక వైపు నీళ్ల క్యాను, మరొక వైపు అన్నం తినే గిన్నె. మధ్య కడ్డీకి చుట్టి కట్టిన టార్పాలిన్ పట్ట. రాత్రికి సైకిలును గోడకు ఆనించి, ఆ పట్ట ఒక కొసను హ్యాండిలుకు, మరొక కొసను కిటికీ ఊచకు కడితే అదే ఇల్లు.

ఆ సైకిలును ఎవరూ కొట్టులో అలా కొనలేదు. ఒక చోట దొరికిన ఫ్రేము, మరొక చోట దొరికిన చక్రం. ముందు చక్రం ఒక కంపెనీది, వెనుకది ఇంకొక కంపెనీది. ట్యూబుకు పంక్చరు వేయించే డబ్బు లేక టైరులోపల ఇంకొక పాత టైరు ముక్కలు కూరుతారు. గాలి అవసరం లేదు, ముల్లు గుచ్చుకున్నా భయం లేదు. బ్రేకులు పోతే చెప్పుకాలే బ్రేకు. పాత ట్యూబును సన్నగా కోస్తే అది త్రాడు కంటె గట్టిగా బిగుస్తుంది. క్యారియరు విరగకుండా ఇల్లు కట్టేచోట మిగిలిన ఇనుప కమ్మీని వంచి దన్ను పెడతారు. ఇంజనీరింగు కాలేజీలో సీటు దొరకని తెలివి ఇదంతా.

లోకంలో వేరే చోట ఇటువంటి తెలివిని చరిత్రగా వ్రాసుకున్నారు. 1954లో వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి సామాన్లు మోసినవారు సైకిళ్లనే వాడారు. హ్యాండిలుకు ఒక వెదురు బొంగు కట్టి పొడవు పెంచారు, సీటు వెనుక ఇంకొక బొంగు నిలిపారు, ప్రక్కన నడుస్తూ తోసుకుపోయారు. ఒక్కొక్క సైకిలు మీద రెండువందల కిలోల పైబడిన బరువు పోయేది. ఆ సైకిళ్లు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. మన వీధి మనిషి సైకిలు మాత్రం మన కంటికి చెత్తగానే కనబడుతుంది.

వీధి మీద సైకిలు అనేక వేషాలు వేస్తుంది. కత్తులకు సానపట్టేవాడు స్టాండు వేసి, వెనుక చక్రం నుండి సానరాయికి పట్టా తగిలించి, కూర్చున్నచోటనే తొక్కుతాడు. నిప్పురవ్వలు లేస్తుంటే పిల్లలు చుట్టూ మూగుతారు. పోలియో వచ్చి కాళ్లు చచ్చుపడినవారికి చేతితో త్రిప్పే మూడు చక్రాల బండి ఉంటుంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014 మార్చిలో మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. దేవునికి స్తోత్రం. కాని అంతకు ముందే ఆ వ్యాధి సోకినవారు పెద్దవారై మన మధ్యనే ఉన్నారు. వారిలో ఇల్లు లేనివారు సీటు వెనుక ఒక పెట్టె బిగించుకుంటారు, పైన గుడ్డ కప్పుకుంటారు. ఆ బండి వారికి కాళ్లు, బీరువా, మంచం కూడా.

ఇంకొక మాట. పాతకాలం అట్లాస్ సైకిళ్ల ఫ్రేములు ఈ బండ్లలో తరచు కనిపిస్తాయి. సాహిబాబాద్‌లోని ఆ కంపెనీ ఫ్యాక్టరీ 2020 జూన్ 3వ తేదీన మూతబడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం! ఫ్యాక్టరీ ఆగిపోయింది గాని, అది చేసిన ఇనుము వీధిలో ఇంకా అన్నం పెడుతూనే ఉంది.

ఇక వాక్యానికి వద్దాం. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 6వ వచనంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. అప్పు ఇచ్చినవాడు బాకీదారుని తిరుగలిని తాకట్టుగా తీసుకొనరాదు. రెండు రాళ్లనూ తీసుకొనరాదు, పై రాయి ఒక్కదానినీ తీసుకొనరాదు. ఎందుకంటే అది ఆ మనిషి ప్రాణాన్ని తాకట్టు పెట్టించుకున్నట్లే అని మోషే కారణం కూడా చెప్పాడు. మన పల్లెల్లో ఇసుర్రాయి తిప్పిన అమ్మలకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. పై రాయి ఒక్కటి పోతే క్రింది రాయి ఎందుకు పనికివస్తుంది? ఇంట్లో జొన్నలున్నా పిండి ఉండదు, ఆ పూట సంగటి ఉండదు.

నిర్గమకాండము 22వ అధ్యాయంలో పైబట్ట సంగతి ఉంది. పేదవాని పైబట్టను తాకట్టు పెట్టుకుంటే ప్రొద్దు గ్రుంకకముందే తిరిగి ఇవ్వాలి. చలికి కప్పుకోవడానికి వానికి అదొక్కటే ఉంది మరి. వాడు మొరపెడితే నేను వింటాను అని దేవుడు అక్కడ హెచ్చరిస్తున్నాడు. చూడండి, దేవుడు అక్కడ పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పలేదు. ఒక రాయి, ఒక గుడ్డ. ఆ వస్తువు వెనుక ఉన్న ప్రాణాన్ని చూడమన్నాడు. వీధి మనిషికి ఆ రెండూ ఒక్క సైకిలులోనే ఉన్నాయి. పగలు అదే తిరుగలి, రాత్రి అదే పైబట్ట.

మన దేశపు చట్టానికి కూడా ఈ సంగతి కొంత తెలుసు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, బాకీ కోసం కోర్టు జప్తు చేసినా చేతిపనివాని పనిముట్లను, రైతు బ్రతుకుకు కావలసిన సేద్యపు సామాన్లను, ఎద్దులను, విత్తనాలను ముట్టుకోకూడదు. 1985లో బొంబాయి పేవుమెంట్ల మీద నివసించేవారి కేసులో సుప్రీంకోర్టు, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఇమిడి ఉందని చెప్పింది. వారిని అక్కడ నుండి ఖాళీ చేయించనే కూడదని మాత్రం ఆ తీర్పు అనలేదు. అయినా ఆ ఒక్క మాట పెద్ద మాట. బ్రతుకుతెరువు తీసివేస్తే బ్రతుకును తీసివేసినట్లే! మోషే తిరుగలిని గూర్చి చెప్పినదీ ఇదే కదా.

అయితే మనం పేదవాని తిరుగలిని ఎక్కడ తీసుకుంటున్నాం? మనలో వడ్డీ వ్యాపారులు ఎందరున్నారు? నిదానంగా ఆలోచించండి. పాత సామాన్ల గుజిరీ అంగడి నడిపేవారు మన విచారణలలోనూ ఉండవచ్చు. జ్వరం వచ్చినప్పుడు రెండువందలు ఇచ్చి, "తీరేదాకా బండి ఇక్కడే పెట్టు" అంటే, ఆ మనిషి రేపు దేనితో సంపాదించి బాకీ తీరుస్తాడు? వేసవి సెలవుల్లో మన పిల్లలు ఆటగా చైను విప్పి దాచిపెడతారు, గాలి తీస్తారు. అది పై రాయి తీసుకుపోవడమే. మంత్రిగారు వస్తున్నారనో, తిరునాళ్ల వస్తున్నదనో వీధులు శుభ్రం చేస్తారు. అప్పుడు ఆ బండి చెత్త ట్రాక్టరులోకి పోతుంది. దానితో పాటు సంచిలోని ఆధార్ కార్డు, మందుల చీటీ, ఎప్పుడో విడిపోయిన బిడ్డ ఫోటో పోతాయి. ఆ పని చేసే కార్మికుడు కూడా పేదవాడే, అతనిని తిట్టి లాభం లేదు. కాని మున్సిపాలిటీలో కౌన్సిలర్లుగా, గుమాస్తాలుగా పనిచేసే క్రైస్తవులు ఉంటారు గదా! ఎత్తుకుపోయిన బండిని ఒక వారం అయినా ఉంచి, అడగవచ్చినవానికి తిరిగి ఇవ్వండి అని ఒక్క మాట చెప్పగలరు.

1948లో ఇటలీలో విత్తోరియో దె సికా అనే దర్శకుడు 'సైకిలు దొంగలు' అనే సినిమా తీశాడు. యుద్ధం ముగిసిన రోము నగరం. గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం ఒకనికి దొరుకుతుంది, అయితే సైకిలు ఉంటేనే పని. సైకిలు తాకట్టులో ఉంది. భార్య ఇంట్లోని పడక దుప్పట్లు తాకట్టు పెట్టి దాన్ని విడిపిస్తుంది. పనిలో చేరిన మొదటి రోజునే ఎవడో దాన్ని దొంగిలిస్తాడు. తండ్రి, చిన్న కొడుకు ఊరంతా వెదకుతారు. చివరకు ఆ తండ్రే వేరొకరి సైకిలును దొంగిలించబోయి, కొడుకు కళ్లెదుట పట్టుబడతాడు. ఒక మంచివాడు దొంగ కావడానికి ఎంత దూరం? ఒక్క సైకిలు దూరం! మన ఊళ్లలో "వీళ్లంతా దొంగలు" అని తేలికగా అనే మాటను ఆ తండ్రి ముఖం తలచుకొని అందాం.

2011 జనాభా లెక్కలలో మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. వీరిని లెక్కించడానికి ఫిబ్రవరి 28 రాత్రిని ప్రత్యేకంగా కేటాయించారు. చెట్ల క్రింద, ప్లాట్‌ఫారాల మీద, వంతెనల క్రింద, గుడి మండపాలలో లెక్కించారు. నగరాలలో లక్ష జనాభాకు ఒక్క రాత్రి వసతి గృహమైనా ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. కాని నాకొక ప్రశ్న. ఆ వసతి గృహంలో సైకిలుకు చోటుందా? బండిని బయట పెట్టి లోపల పడుకోమంటే ఆ మనిషి పడుకోడు. పడుకుంటే తెల్లవారేసరికి బండి ఉండదు. "వసతి కల్పించినా వీళ్లు రారు, వీధికి అలవాటుపడ్డారు" అని అధికారులు అంటారు, మనమూ తల ఊపుతాం. వారు అలవాటుపడింది వీధికి కాదు. బండిని విడిచి బ్రతకలేరు, అంతే.

మన సంగతి మాత్రం వేరా? పండుగకు పేదలకు విందు పెడతాం. యువకులు గేటు దగ్గర నిలబడి ప్రేమగానే పిలుస్తారు: "లోపలికి రాన్నా, అన్నం పెడ్తాండారు." ఆయన బయటే నిలబడి, "బండి యాడ పెట్టల్ల నాయనా?" అంటాడు. "బయటే పెట్టి రా. ఆ బండినెవరెత్తకపోతారు?" అని మనవాడు నవ్వుతాడు. ఆయన ఒక క్షణం అన్నం వాసన పీల్చుకొని, బండి తోసుకుంటూ వెళ్లిపోతాడు. మనం పెట్టిన అన్నం మిగిలిపోతుంది, పేదలకు కృతజ్ఞత లేదని మనలో ఒకరు అంటారు. ఆ మాట అన్నవారు తమ మోటారు సైకిలును మాత్రం గుడి ఆవరణలో చెట్టునీడన పెట్టి తాళం వేసి వచ్చారు!

మన ప్రభువు మంచి సమరీయుని కథ చెప్పినప్పుడు ఒక వివరం వదలలేదు. ఆ సమరీయుడు గాయపడినవానిని తన సొంత వాహనం మీద ఎక్కించుకున్నాడు. యెరూషలేము ప్రవేశానికి ప్రభువుకు సొంత గాడిద కూడా లేదు, అడిగి తెచ్చుకున్నారు. తల వాల్చుకోవడానికి తనకు చోటు లేదని ఆయనే ఒకసారి చెప్పాడు. అటువంటి ప్రభువు మన గేటు దగ్గరకు బండి తోసుకుంటూ వస్తే ఆ బండిని మనం ఎక్కడ పెట్టమంటాం?

ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో పేదల ప్రపంచ దినోత్సవాన్ని ఏర్పాటు చేశారు. 2017 నుండి తిరుసభ సామాన్య కాలపు 33వ ఆదివారం నాడు, అంటే నవంబరులో, దానిని జరుపుకుంటున్నది. 2015లో రోములో పునీత పేతురు మహా దేవాలయపు స్తంభాల వరుస ప్రక్కనే ఇల్లు లేనివారికి స్నానపు గదులు, క్షౌరశాల తెరిపించినది కూడా ఆయన కాలంలోనే. యాత్రికులు వచ్చే చోట, అందరికీ కనబడే చోట ఆ పని జరిగింది. ఊరి చివర కాదు!

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విచారణలలో అంత ఖర్చు చేయనక్కరలేదు. ఈ నవంబరు ఆదివారం నాడు గేటు రెండు రెక్కలూ తెరవండి. బండ్లు లోపలికి రానివ్వండి, విందు జరిగేచోట వాటి యజమానుల కంటికి కనబడేలా నిలపండి. విన్సెంట్ ది పాల్ సభవారు ఒక సైకిలు మెకానిక్కును ఆ రోజుకు మాట్లాడితే బాగుంటుంది. స్పోకులు, బాల్ బేరింగులు, బ్రేకు కట్టలు, కాస్త గ్రీజు, ఒక పంపు ఉంటే చాలు. పారిస్‌లో 1833లో ఆ సభను స్థాపించిన ఫ్రెడరిక్ ఓజనామ్, ఆయన స్నేహితులు చదువుకునే యువకులే. పేదవాని ఇంటి మెట్లెక్కి చేతికి కట్టెలు అందించడంతో వారు మొదలుపెట్టారు. ఇక్కడ ఎక్కడానికి మెట్లు లేవు, వంగి చక్రం చూడాలి, అంతే. బండి బాగుచేసేటప్పుడు ఆ మనిషిని అడిగి చేయండి. మనకు పనికిరానిదిగా కనబడే గుడ్డపీలిక ఆయన ఏదో లెక్కతో కట్టుకున్నది. విప్పి పారేయవద్దు.

మీ ఇంటి మెట్ల క్రింద పిల్లల పాత సైకిలు తుప్పుపట్టి ఉంటే గుజిరీ అంగడికి కిలోల లెక్కన వేయకుండా గుడికి తీసుకురండి. చక్రాలు ఒకరికి, ఫ్రేము ఒకరికి పనికివస్తాయి. పాత ట్యూబులు కూడా తీసుకురండి, అవి చాలా కావలసి ఉంటాయి.