ఆటలో అరటిపండు

సకలకామములును సిద్ధించియున్న పరమేశ్వరునకు ఈ జగత్తును సృజింపవలసిన అవసరమేమి వచ్చెనను ప్రశ్న వేదాంతులను ఆదినుండియు చిక్కుపెట్టుచునే యున్నది. ఏదో ఒక ప్రయోజనము నుద్దేశించి సృజించెనన్నచో ఆయనకు కొరత యున్నదని ఒప్పుకొనవలెను. ప్రయోజనము లేకయే సృజించెనన్నచో ఆయనను ఉన్మత్తునిగా ఎంచవలెను. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదమునందు 32వ సూత్రము ఈ ఆక్షేపమును ఎత్తిచూపగా, మరుసటి సూత్రము ఇదియంతయు లోకమునందలి ఆట వంటిదేయని మాత్రము చెప్పి ఊరకున్నది.

లోకమునందు ఎవరి ఆట వంటిదో చూపుట భాష్యకారుల వంతైనది. శంకరులు, కోరదగినదంతయు చేతికందిన రాజో రాజామాత్యుడో క్రీడావిహారములందు ఊరక ప్రవర్తించు తీరును చూపి, అది చాలదని కాబోలు, ఏ ఫలమును అపేక్షింపక స్వభావముచేతనే సాగు ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములను కూడ చేర్చినారు. రామానుజులు సప్తద్వీపములతో కూడిన భూమినంతటిని ఏలు మహారాజు వినోదమాత్రముగా చెండాడుటను చూపినారు. మధ్వులు మత్తుడైనవాడు సుఖము పొంగిపొరలి ఆడుచు పాడుచుండుటను చెప్పినారు. మూడును అందమైన దృష్టాంతములే. అయినను మూడింటను ఆడువాడు ఒంటరివాడు. రాజు విసరుచున్నాడు, చెండు ఎగురుచున్నది. మత్తుడు చిందులు త్రొక్కుచున్నాడు, చూచువారు లేకున్నను అతనికి లోటు లేదు. ఆచార్యులు మువ్వురును సన్న్యాసులగుటవలన, వ్రాయుచున్న తాటియాకు మీదికి ప్రాకివచ్చి గంటమును లాగికొను మూడేండ్లవాడెవడును వారి మఠములలో ఉండియుండడు. ఉండియుండినచో నాల్గవ దృష్టాంతమొకటి మనకు దక్కియుండెడిదని నాకొక చాపల్యము కలదు.

ఈ చాపల్యమునకు కారణము నేను కాపురముండు చోటు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట వెలసి, ఆంగ్ల సైన్యములు విడిసియున్నందున నేటికిని జనుల నోట లష్కరుగానే నిలిచియున్న ఈ సికింద్రాబాదులో, పటాలములకు వలయు సరుకులమ్ముటకై ఏర్పడిన అంగడి రెజిమెంటల్ బజారు. పటాలములు పోయినవి, పేరు మిగిలినది. 1874లో వచ్చిన రైలు మాత్రము పోలేదు. స్టేషను మా సందుకు ఎంత సమీపమనగా, బండి వచ్చు ప్లాట్‌ఫారము మారినదని మైకులో ప్రకటన వినబడగానే, అన్నము తినుచున్న మా చిన్నవాడు ముద్దను బుగ్గలోనే నిలుపుకొని ఆ బండి పేరును తప్పుపోకుండ తిరిగి చెప్పును. కావున మా యింట మొదటి ఆట రైలాటయే. ఏడేండ్ల అక్క ఇంజను, మూడేండ్ల తమ్ముడు పెట్టె, ఆ తమ్ముని చొక్కా చెంగు పట్టుకొని నడుము వంచి నడచు నేను గార్డును. మౌలాలి, ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామ దాటి కాజీపేట చేరవలసిన ఈ బండి, వంటింటిలో సర్వపిండి కాలుచున్న వాసన వచ్చిన దినమున మౌలాలి కూడ చూడక పొయ్యి యెదుటనే ఆగిపోవును.

ఈ గార్డు పదవి నాకెవరిచ్చినారు? పెద్దది. తీసివేయు అధికారమెవరిది? దానిదే. ఇంటికి అద్దె కట్టువాడను, కరెంటు బిల్లు మోయువాడను, బజారునుండి బియ్యము తెచ్చువాడను నేనే యైనను, "నాన్నా, నువ్వు గార్డువి. గార్డు మాట్లాడద్దు, జెండా ఊపాలె, అంతే" అని అది శాసించినప్పుడు నోరెత్తుటకు నాకు అవకాశము లేదు. పాండిత్యమును గడచి బాల్యమునందు నిలువవలెనని బృహదారణ్యకము బోధింపగా, బాల్యమనగా పిల్లలవలె ఇష్టము వచ్చినట్లు తిని తిరుగుట కాదనియు, తన మహిమను ప్రకటించుకొనకుండుటయే యనియు బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయమునందు పెద్దలు తొందరపడి సర్దిచెప్పినారు. మా యింటి బాల్యమును ఒక్క సాయంకాలము చూచినవారికి ఆ తొందర అర్థము కాగలదు. కాని మహిమను ప్రకటించుకొనకుండుట యను అర్థము గార్డునకు చక్కగా సరిపోవుచున్నది. బలవంతుడు బలహీనుని చట్టము క్రిందికి తనంత తాను వచ్చి నిలుచుట, ఆ చట్టము మాటిమాటికి మారుచున్నను దానిని మన్నించుట, ఓడవలసినప్పుడు ఓడుట యను లక్షణము రాజుగారి చెండాటలో వెదకినను దొరకదు. చెండు రాజును ఆజ్ఞాపింపదు.

దాగుడుమూతలలో విషయము మరింత చిక్కనగును. చిన్నవాడు తెర చాటున నిలిచి, తన కన్నులు తాను మూసికొన్నచో లోకమునకు తాను కనబడనని దృఢముగా నమ్మును. తెర క్రింద పాదములు రెండును కనబడుచునే యుండును. నేను మంచము క్రిందను, బియ్యపు డబ్బాలోను, తుదకు చెప్పుల లోపలను వెదకి, "ఎటువోయిండబ్బా వీడు" అని దిగులు నటించుచుండగా తెర నవ్వుచుండును. ఇది అసత్యమగునా యని ధర్మజ్ఞుడెవడైన నిలదీసినచో నేను చెప్పగలిగినది ఇంతమాత్రమే: వాడు దొరుకవలెనని కోరుచున్నాడు, వెంటనే దొరుకరాదనియు కోరుచున్నాడు, ఆ రెండు కోరికల నడుమ నేను చేయు జాగే ఆట. ఇక నా వంతు వచ్చినప్పుడు నేను దాగు చోటు వాని చూపునకు అందునదై యుండవలెను. తండ్రి తన నేర్పంతయు చూపి దాగినచో, పిల్లవాడు రెండు గదులు తిరిగి, మూడవ గది గడపలో నిలిచి పెదవి విరుచును. ఆ క్షణమున బయటికి రానివాడు ఇక ఆడుచున్నవాడు కాడు. సర్వభూతములయందును గూఢముగానున్న ఆత్మ పైకి ప్రకాశింపదనియు, సూక్ష్మమైన బుద్ధిగలవారికి మాత్రమే కనబడుననియు కఠోపనిషత్తు చెప్పుచున్నది. సూక్ష్మబుద్ధి యను నియమమును చదివినప్పుడెల్ల నాకు గుండె జారును. తెర క్రింద పాదములు కనబడునట్లు దాగినవాడే యగుగాక యని ఆశపడుదును.

భాగవత దశమస్కంధము ఈ ఆశకు కొంత ఊతమిచ్చుచున్నది. యశోద బాలకృష్ణుని రోటికి కట్టబోవును. త్రాడు రెండంగుళములు తక్కువపడును. ఇంకొక త్రాడు ముడివేయును. అప్పుడును రెండంగుళములే తక్కువ. ఇంటనున్న త్రాళ్ళన్నియు ముడివడినవి, తక్కువ మాత్రము తీరలేదు. తుదకు తల్లి ఒడలు చెమర్చుటయు, ఆమె అలసటయు చూచి, కొలతకు అందనివాడు తానే కట్టుబడెను. పోతన చేతిలో ఈ ఘట్టము తెలుగువారి ఇండ్లలోనికి నడచివచ్చి, ఎన్ని తరములుగానో తల్లుల నోట కథగా సాగుచున్నది. ఇందు బిడ్డ స్థానమున నున్నవాడు ఈశ్వరుడు, పెద్ద స్థానమున నున్నది జీవుడు. మా యింటి ఆటకు ఇది తలక్రిందైన రూపము. అయినను కట్టుబడుటకు ఒప్పుకొన్నవాడు బలవంతుడే యను విషయము రెండుచోట్లను ఒకటియే.

మా పెద్దదానికి లక్క పిడతల సంబరము మెండు. మధ్యాహ్నము గడపలో పొయ్యి పేర్చి, వట్టి గిన్నెలో వట్టి బియ్యము కడిగి, వట్టి అన్నము వార్చి, వ్రేలెడంత పళ్లెములో నాకు వడ్డించును. నేను తినవలెను. ఊరక నోరాడించినచో అది అంగీకరింపదు, నమలవలెను, మ్రింగవలెను. "ఎట్లున్నది నాన్నా? ఉప్పు సరిపోయిందా?" అని అడుగును. మొదట్లో నేను బ్రహ్మాండముగా నున్నదని పొగడెడివాడను; దాని ముఖమున అంతగా వెలుగు కనబడెడిది కాదు. ఉప్పు కొంచెము ఎక్కువైనదని ఒకనాడు చెప్పగా అది పరమానందమును పొందినది. వంక పెట్టినవాడు నిజముగా తిన్నవాడే యని దాని సిద్ధాంతము కాబోలు.

మా సందునుండి నడచిపోదగిన దూరములోనే, జనరల్ బజారులో ఉజ్జయినీ మహంకాళి కోవెల యున్నది. ఆషాఢమునందు లష్కరు స్త్రీలు కొత్త కుండలో పాలును బెల్లమును వేసి అన్నము వండి, కుండకు పసుపు కుంకుమలు పూసి, వేపమండలు చుట్టి, మూతపై దీపము నిలిపి తలకెత్తుకొని ఆ తల్లికి బోనము సమర్పింతురు. లోకములన్నిటికి అన్నము పెట్టుదానికి అన్నము పెట్టుట, తర్కబుద్ధితో చూచినచో, లక్క పిడతల వంటయే. ఆమెకు మన కుండెడన్నముతో పనిలేదు. అయినను ఆమె తినును. మరునాడు జరుగు రంగమునందు పచ్చికుండ మీద నిలిచిన స్త్రీ నోట ఆమె పలుకుచుండగా, పూజలు అందినవా, తృప్తియేనా యని పెద్దలు అడుగుదురు. ఆ తల్లి అందినవని చెప్పుచునే, చేసిన వానిలో లోపములెన్ని కొంత కోపపడుటయు కద్దు. చదువుకొన్నవారు కొందరు ఆ కోపమును చూచి ముఖము చిట్లింతురు. నాకు మాత్రము, ఉప్పు ఎక్కువైనదని విన్ననాటి మా పెద్దదాని ముఖము తెలియునుగనుక, ఆ కోపమువలన జనులకు కలుగు తృప్తి తెలియును.

ఇంతవరకు మాట సులువుగానే నడచినది. కాని లీల యని చెప్పిన వెంటనే సూత్రకారుడు 34వ సూత్రమున తానే ఒక అభియోగమును తలకెత్తుకొన్నాడు: ఇదియంతయు ఆటయైనచో, ఒకనికి సుఖమును వేరొకనికి దుఃఖమును పంచిపెట్టు ఆటగాడు పక్షపాతియు నిర్దయుడును కాడా యని. మహంకాళి కోవెల యొక్క పుట్టుకయే ఈ ప్రశ్నతో ముడిపడి యున్నది. 1813లో కలరా ప్రబలినప్పుడు, సైన్యములో డోలీ మోయు పనిమీద ఉజ్జయినికి పోయియున్న సురిటి అప్పయ్య యనునతడు, జనులు బ్రతికి బట్టకట్టినచో లష్కరులో నీ రూపమును నిలుపుదునని అక్కడి మహంకాళికి మ్రొక్కుకొనెననియు, తిరిగివచ్చి 1815లో కొయ్య విగ్రహమును ప్రతిష్ఠించెననియు స్థలకథ. పిమ్మట దాని స్థానమున శిలావిగ్రహము వచ్చినది. ఆ కలరాను లీల యని పిలుచుటకు నాకు నోరు రాదు. పిల్లలకు జ్వరము తగిలిన రాత్రి మా యింట ఇంజనును లేదు, గార్డును లేదు. ఏడ్పు వినబడిన క్షణమున ఆట ఆగిపోవలెనన్నది మా యింటి మొదటి నియమము, జగన్నాథుని ఆటకు ఈ నియమము కనబడదు. సూత్రకారుని సమాధానము కర్మము: వాన అన్ని విత్తులపైనను ఒక్కతీరుగా కురియును, వరి వరిగాను యవలు యవలుగాను మొలచుట విత్తు గుణమని శంకరుల వివరణము. తర్కమునకు ఇది లొంగును. మూడేండ్లవాని నుదుటిపై తడిగుడ్డ వేయుచున్న తల్లి ఎదుట నిలిచి వాని పూర్వకర్మమును గూర్చి ప్రసంగించు ధైర్యమెవరికున్నదో నేనెరుగను. 1897 ఆగస్టు 20వ తేదీని, ఈ లష్కరు ప్రక్కనే బేగంపేటలో, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న పిమ్మట, అట్టి ప్రసంగములలో కొన్నియైనను తగ్గవలసినదే.

కర్మమునకు ఎదురుగా కృప నిలుచునా, నిలిచినచో అది మన ప్రయత్నమును అపేక్షించునా యని దక్షిణదేశపు వైష్ణవులు శతాబ్దములుగా వాదులాడినారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును, పిల్లికూన ఏమియు చేయకున్నను తల్లి నోటకరచి మోసికొనిపోవును, భక్తుడు ఎవరివంటివాడు? ఇరుపక్షముల దృష్టాంతములును తల్లీబిడ్డలవే యగుట నాకు మెచ్చుకోలు. అయితే మా సందులోని పిల్లలు ఈ వాదమును వినకయే మూడవ పద్ధతి యొకటి ఏర్పరచుకొన్నారు. పట్టుకొను ఆటలో మరీ చిన్నవాడుండినచో వానిని ఆటలో అరటిపండును చేయుదురు. వాడు అందరితోపాటు ఉరుకును, దాగును, కేకలు వేయును. పట్టుబడినను ఔటు కాడు, దొంగ యగుట లేనేలేదు. నియమములన్నియు ఉన్నవి, వానికి మాత్రము అంటవు. ఈ మినహాయింపును ఏ తండ్రియు ఇప్పించలేదు. దానివలన నష్టపడు పిల్లలే, పట్టదగిన వానిని పట్టక వదలవలసినవారే, వానికి దానిని ఇచ్చినారు. కృప పైనుండి దిగివచ్చుననియే విన్న నాకు, సాటివారు తమ ఓటమిని తామే భరించి ఇచ్చు కృప యొకటి కలదను ఊహ అరుగుమీద కూర్చుండగా కలిగినది. డోలీ మోయు అప్పయ్య మ్రొక్కినది జనులందరి కొరకేయని స్థలకథ చెప్పుట గుర్తునకు వచ్చి, ఆ ఊహ మరికొంత బలపడినది.

ఇంతలో నా సిద్ధాంతమునకు విఘ్నము వచ్చినది. మొన్న ఆట నడుమ చిన్నవాడు కాళ్ళు నేలకేసి కొట్టి, తాను అరటిపండును కానని ప్రకటించినాడు. "నేను గూడ దొంగనైత" అని పట్టుపట్టినాడు. "దొరికితే ఏడుస్తవ్ మల్ల" అని అక్క హెచ్చరించినది. "ఏడ్వ" అనినాడు. మినహాయింపు పొందినవాడే దానిని విసరికొట్టి, నియమము తనకును అంటవలెనని కోరుటను ఏ పక్షపు ఆచార్యులును ఊహించినట్లు నేను చదువలేదు. ఔటగుట శిక్షయని పెద్దలు తలచుచుండగా, వానికది ఆటలో తన పేరు చేరుట. అక్క కొంతసేపు ఆలోచించి ఒప్పుకొన్నది. వాడు మొదటి పరుగులోనే పట్టుబడినాడు, మాట తప్పక ఏడ్వలేదు, పోయి గోడకు ముఖము పెట్టి "ఒకటి, రెండు, ఐదు" అని లెక్క మొదలుపెట్టినాడు. ఆ లెక్కకు పది ఎంత దూరములోనున్నదో తెలియక, ఆ సాయంకాలము గార్డు కొలువు లేని నేనును తలుపు చాటునకు పరుగెత్తినాను.