అమరావతి శిల్పంలో ఖాళీ ఆసనం

అమరావతి మహాచైత్యం అనే స్తూపపు పలకలపై బోధివృక్షం కింద ఎవరూ కూర్చోని ఆసనం, దాని ముందు పాదముద్రలు, చుట్టూ చేతులు జోడించిన భక్తులు కనిపిస్తారు. అక్కడ బుద్ధుణ్ణి ఎందుకు చెక్కలేదన్న ప్రశ్నకు ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ ఫూషే మొదలుకొని పలువురు చెప్పిన సమాధానం 'ప్రతిమారహిత దశ', అంటే బుద్ధుణ్ణి మానవరూపంలో చూపక గుర్తులతోనే సూచించిన కాలం. ఇటువంటి తొలి శిల్పాల్లో అనేకం బుద్ధుడి జీవితఘట్టాలు కావనీ, పుణ్యస్థలాల్లో జరిగిన ఆరాధనకు చిత్రణలనీ కళాచరిత్రకారిణి సుసాన్ హంటింగ్‌టన్ తరువాత వాదించారు. అయితే శిల్పాన్ని చూసి తగవు పడేముందు బౌద్ధులు పూజనీయ వస్తువులను ఎలా వర్గీకరించుకున్నారో గమనించడం మేలు.

పూజకు ఆశ్రయమైనదేదైనా చైత్యమే; అది కట్టడమే కానక్కరలేదు. పాళీ సంప్రదాయం చైత్యాన్ని మూడు విధాలుగా విభజిస్తుంది: బుద్ధుడి అస్థికల వంటి ధాతువులు శారీరికం, బోధివృక్షం వలె ఆయన వినియోగించినవి పారిభోగికం, ఆయనను తలపించేందుకు కల్పించిన ప్రతిమ వంటివి ఉద్దేశికం. బుద్ధుడు దేశాటనలో ఉన్నప్పుడు జేతవన విహారానికి పూలతో వచ్చిన భక్తులు దేన్ని పూజించాలని శిష్యుడు ఆనందుడు ఆయనను అడిగినట్లు కళింగబోధి జాతకం చెబుతుంది. శారీరికం పరినిర్వాణానంతరమే సాధ్యమనీ, ఉద్దేశికానికి వస్తువు ఆధారం కాక మనస్సు మాత్రమే ఆధారమనీ, బోధివృక్షమైతే బుద్ధుడు జీవించి ఉన్నా లేకున్నా చైత్యమేననీ అందులోని సమాధానం. ప్రతిమ ఇక్కడ నిషిద్ధం కాదు. చెట్టుకన్నా బలహీనమైన ఆధారం, అంతే.

విగ్రహం లేకున్నా పూజ సాధ్యమనే ఈ ఆలోచననే స్తూప నిర్మాణమూ అనుసరిస్తుంది. మేధి అనే గుండ్రని పీఠంపై అండం అనే అర్ధగోళం, దాని శిఖరాన హర్మిక అనే చతురస్రపు కంచె, అందులోంచి లేచే యష్టికి ఛత్రాలు ఉంటాయి. ఛత్రం రాజలాంఛనం గనుక, లోపలి ధాతువుకు సజీవుడైన ప్రభువుకు చేసే మర్యాదే జరుగుతున్నదన్నమాట. చుట్టూ ప్రదక్షిణాపథం, దానికి వెలుపల వేదిక అనే రాతి ప్రాకారం ఉంటాయి. వేదికలో నిలువు స్తంభాలను కలిపే అడ్డకమ్ములు సూచులు, పైన పరచిన రాయి ఉష్ణీషం. సాంచిలోనూ భార్హుత్‌లోనూ కానరాని ఆయకం అమరావతి వంటి కృష్ణా లోయ స్తూపాల ప్రత్యేకత. మేధి నుండి నాలుగు దిక్కులకూ ముందుకు వచ్చే ఈ అరుగులపై ఐదేసి స్తంభాలు నిలుస్తాయి. అవి ఏ కప్పునూ మోయవు. జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి సంకేతాలని పండితుల వ్యాఖ్య. ఒక్క ప్రదక్షిణలోనే భక్తుడు ఆ జీవితాన్ని నాలుగుసార్లు దాటి వస్తాడు; అందుకు విగ్రహం అవసరమే రాదు.

క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటికి అమరావతిలో బుద్ధుడి మానవరూపం వచ్చింది గాని ఖాళీ ఆసనం తొలగిపోలేదు. రెండూ ఒకే స్తూపంపై కొనసాగాయి. కాబట్టి గుర్తులను విగ్రహం చెక్కలేని కాలపు ప్రత్యామ్నాయాలుగా భావించే 'ప్రతిమారహిత' అన్న మాట అమరావతి తొలినాటి శిల్పాన్ని వర్ణించగలదేమో గాని, ఆ స్తూపాన్ని మొత్తంగా వివరించలేదు.