యోసేపు కొట్లు

ప్రియులారా, ఐగుప్తులో కరవు రాకమునుపే యోసేపు సమృద్ధిగల ఏడు సంవత్సరముల పంటలో ఐదవ భాగమును పట్టణములలో నిలువచేయించెను. ప్రజలు ఆకలిగొని ఫరోకు మొరపెట్టినప్పుడు ఆ కొట్లు తెరువబడెను. ఆపద వచ్చిన పిమ్మట జాలిపడుట మాత్రమే గాక, ముందుగా సిద్ధపరచుట ఏలువారి విధియని దీనివలన నేర్చుకొనుచున్నాము.

1977 నవంబరు 19న దివిసీమమీదికి ఉప్పెన వచ్చినప్పుడు వేలాదిమంది మరణించిరి. గుడిసెలలోని బీదలకు తలదాచుకొను చోటు లేకపోయెను. తరువాత తీరమున తుపాను షెల్టర్లు కట్టబడెను. 1990 మే నెలలో మరల పెనుతుపాను వచ్చినప్పుడు లక్షలాదిమందిని ముందే తరలించుటచేత, వందలాదిమంది చనిపోయినను, ప్రాణనష్టము మునుపటికంటె ఎంతో తగ్గెను.

కాబట్టి ప్రభుత్వ సహాయము భిక్షము కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము అర్హులైన బీదలకు తిండిగింజలను హక్కుగా చేసెను. అయితే జాబితాలో పేరులేని విధవరాలి పక్షమున ఎవరు మాటలాడుదురు? సంఘముగా మనమే ఆమెను వెంటబెట్టుకొని కార్యాలయమునకు వెళ్లుదము. ఆమె ఏ కులమని, ఏ మతమని అడుగకుందము. అధికారులకొరకు ప్రార్థించుదము, వారి విధిని మర్యాదతో వారికి జ్ఞాపకము చేయుదము. ప్రభువు మనకు అట్టి ధైర్యము ననుగ్రహించును గాక. ఆమేన్.