పొలము పోయిన కర్షకుడు

మమకారమును విడువుమని పెద్దలు బోధింతురు. అట్లయినచో, తన కొద్దిపాటి పొలము పోయినదని కుందెడు వృద్ధకర్షకుని దుఃఖమును ఏమనవలెను? అజ్ఞానమని త్రోసివేయుట సులభమే. కాని ఆ తీర్పు అంత తొందరగా చెప్పదగినది కాదు.

ఢిల్లీకి నైరుతి దిక్కున ద్వారక యను ఉపనగరము కలదు. మొదట దీనిని పాపన్‌కలాన్ ప్రణాళిక యనిరి. ప్రభుత్వము 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద పాలం, కక్రోలా, బాగ్డోలా, పోచన్‌పూర్, అంబర్‌హాయీ మున్నగు గ్రామముల పొలములను తీసికొనగా, ఢిల్లీ అభివృద్ధి సంస్థ దీనిని నిర్మించెను. సముద్రమున మునిగిన నగరము పేరే దీనికి దొరకుట చిత్రము! గోధుమయు, ఆవాలును, సజ్జయు పండిన నేలపై సెక్టార్లు లేచినవి. 2005 డిసెంబరు 31న మెట్రోరైలు వచ్చినది. 1908లో గ్రామనివాసముల చుట్టును గీసిన ‘లాల్ డోరా’ యను ఎఱ్ఱగీత లోపలి ఇండ్లు మాత్రము మిగిలినవి. ఊరు నిలిచినది గాని ఊరివారికి పొలముపని లేదు.

కర్షకుని జీవితమును పరికింపుడు. దున్నుట అతని వంతు; వాన అతని వంతు కాదు. విత్తు చల్లినది మొదలు ధాన్యము ఇల్లు చేరువఱకు ఏదియు అతని చేతిలో నుండదు. అయినను మరునాడు మరల పొలమునకు పోవును. మనము గ్రంథములు చదివి అభ్యసింపజూచు ఫలత్యాగమును అతడు ఎఱుగకయే ఏటేట ఆచరించుచుండెను. నష్టపరిహారము చేతికి వచ్చిననాడు ఈ క్రమము తలక్రిందులైనది. చేయుటకు కర్మ లేదు. ఫలము మాత్రము కలదు. ఆ ధనము చాలదని న్యాయస్థానములకు పోవచ్చును. కాని దానిని ఎంత పెంచినను, తెల్లవారుజామున లేచి పోవలసిన చోటును అది ఈయజాలదు. కొందఱు అద్దె యిండ్లు కట్టించి సుఖముగనే యున్నారనుటయు నిజము.

ఇదియు మమకారమే యనువారికి ఒక మాట. 2015లో మన అమరావతి గ్రామములలో భూసమీకరణము జరిగినపుడు, భూమిలేని కుటుంబములకు మొదట నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పరచిరి. నాదనుటకు సెంటు నేలయైన లేని ఆ కూలికి మమకారమెక్కడిది? అయినను కలుపుతీతయు కోతయు లేని దినము అతనికిని బరువే.

పట్టణములు వలదని నేననను. మనలో పెక్కుమంది వానిలోనే యున్నాము. అయితే సన్న్యాసి తానై విడిచెను, వీరిచేత విడిపించిరి. రెంటికిని ఒకే బోధ సరిపోవునా? డెబ్బది యేండ్లు దాటిన ఆ పెద్దాయనకు వైరాగ్యము నుపదేశింపబోవువారు, ముందుగా ఆయన ప్రక్కన కూర్చుండి, ఆ నేలలో ఏ మూల నీరు నిలిచెడిదో, ఏ మూల ఆవాలు ముందు పూచెడివో అడుగవలెను. చెప్పగలవారు ఆ గ్రామములలో ఇంకను కొందఱున్నారు.