అద్దమూ, సున్నపు గోడా

2021లో నల్లతామర పురుగు గుంటూరు, ప్రకాశం సీమల మిరపచేలను చెరచిన పిమ్మట, నారును పురుగు కంటబడకుండ గదిలోనే పెంచుదమని తలచువానికి, గోడలకేమి పూయవలెనను ప్రశ్న తప్పదు. ఒక్క కిటికీ గల గదిలో మొలకను నాలుగు దినములు గమనించినచో, కాడ సన్నగా సాగి, రెండు లేతదళములను వెలుగువైపునకే చాచి, మెడ వంచి నిలుచుట కాననగును. ఆ వంపు తీరవలెనన్న వెనుకనుండియు వెలుగు రావలెను. అందులకు అద్దము బిగింపుమని కొందరు, వెల్ల వేయుమని కొందరు చెప్పుదురు.

నాది వెల్ల పక్షము. అందులకు హేతువు తోటపనికంటె వేదాంతమున ఎక్కువగా దొరికినది. అద్వైత గ్రంథమైన పంచపాదికకు వివరణము రచించిన ప్రకాశాత్ముడు, జీవుడు బ్రహ్మమునకు ప్రతిబింబమనియు, ప్రతిబింబము బింబముకంటె అన్యము కాదనియు స్థాపించెను. జీవస్వరూపమును తెలుపుటకు ఆ దర్పణ దృష్టాంతము చాలును. జ్ఞానియైనవాడు లోకమునకేమి ఇచ్చునను ప్రశ్నకు మాత్రము చాలదని నా దృఢవిశ్వాసము. అద్దము తనపై బడిన కిరణమును ఒక్క దిక్కునకే మరలించును. ఆ దారినున్న మొక్కకది దక్కును, ప్రక్కదానికి దక్కదు. తెల్లని సున్నపు గోడయో, వచ్చిన వెలుగులో నూటికి సుమారు 80 వంతులను, ఏ రూపమును నిలుపుకొనక, అన్ని దిక్కులకు వెదజల్లును. ఆకుల అడుగు నీడకును అది చేరును. అందు సూర్యబింబము కానరాదు, సూర్యకార్యము జరుగును. లోకసంగ్రహమనగా ఇదియే యని నాకు తోచును.

మెరుపునకు పనిలేదనను. చేలో వెండిరంగు మల్చింగు షీటు పరచినచో క్రిందినుండి ఎగసిన తళుకునకు తామరపురుగు దారి తప్పును. కాని అది పారద్రోలు వెలుగు, పోషించు వెలుగు కాదు.

ఇక రూపత్యాగము సులభమని భ్రమపడరాదు. పిడుగురాళ్ళ బట్టీలలో కాలిన సున్నపురాయి, నీట చల్లారి, గోడకెక్కి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయియే యగును. పలనాటి సున్నపురాతినే అమరావతి శిల్పులు పద్మములుగా, జాతకకథలుగా చెక్కిరి. సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో చూచిన అమరావతి స్తూపపు ఫలకములు కొన్ని సున్నమునకై కాల్చబడినవి. ఆ నష్టమును తలచినప్పుడెల్ల మనసు మండును. తన రూపమును తాను విడుచుట జ్ఞానము. పరుల రూపమును కాల్చి వెలుగు చేసికొనుట దౌర్జన్యము. రెండింటికిని ఫలము తెల్లని గోడయే కావచ్చును గాక, నేను ఒకటిగా ఎంచలేను.

నారుగదికి వెల్ల రెండు పూతలు చాలును. నీలిమందు కలుపరాదు, అది కంటికి తెలుపును హెచ్చించును గాని, మొక్కకు రావలసిన వెలుగును కొంత తాను మ్రింగును.