బండి మళ్లీ వస్తుంది, బాబూ

ఏట్రా బాబూ ఆ పరుగు? మూసాపేట మెట్రో స్టేషన్లో నిన్ను చూసినవాళ్లు చెప్పారు. ఒక చేతిలో టిఫిను బాక్సు, ఇంకో చేతిలో ఫోను, రెండేసి మెట్లు ఒక్క అంగలో. పైన బండి వచ్చి ఆగిందట. ఆగితే ఆగనీ! దాని వెనకే ఇంకోటి వస్తుంది కదా.

మన శృంగవరపుకోటలో అయితే తొందరకి అర్థముంది. బైలడిల్లా ఇనపరాయి దింపడానికి 1960లలో వేసిన కెకె లైను మనది, గూడ్సులదే రాజ్యం. పొద్దున్న అరకు వైపెళ్లే కిరండూల్ పాసింజరు తప్పిందా, ఇక బస్సు చూసుకోవాల్సిందే. అయినా మనవాళ్లు పరిగెత్తరు. ముందే వచ్చి, మూట కింద పెట్టి, కబుర్లాడుకుంటూ కూర్చుంటారు. ఒక్క బండికే అంత ఓపిక పట్టేవాళ్ల పిల్లలురా మీరు! నిమిషాల్లో ఇంకో రైలొచ్చేచోట ఆ నాలుగు నిమిషాలు ఆగలేరా?

తలుపులు మూసుకుంటుంటే ఆగిపో. చెయ్యి అడ్డం పెట్టకు. దిగేవాళ్లని ముందు దిగనీ. పైడితల్లమ్మ పండగనాడు విజయనగరంలో ఇసకేస్తే రాలనంత జనం, అయినా సిరిమాను కదిలిందంటే పాయ విడిపోయి దారిస్తారు. అమీర్‌పేటలో రాయదుర్గం బండికి మారేచోట ఆపాటి దారి మీరివ్వలేరా?

అన్నిటికన్నా నాకు భయం రోడ్డు దాటడం. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో మొదలైంది. అప్పట్నుంచీ రోడ్డుకి రెండు పక్కలా మెట్లు పెట్టి, లిఫ్టు పెట్టి ఉంచారు. టికెట్టు లేకపోయినా ఇటెక్కి అటు దిగొచ్చు. అంత సౌకర్యం నెత్తిన పెట్టుకుని డివైడరు కమ్మీ దూకడం ఏటి? అవతల ఇడ్లీ బండి ఎక్కడికీ పారిపోదు. నీ కాలు విరిగితే మీ నాన్న పొలంపని వదిలి, అప్పటికప్పుడు చేబదులు తెచ్చుకుని, రాత్రి బస్సెక్కాలి. దారిపొడుగునా మీ అమ్మ ఏడుపు. దూకేముందు వాళ్లని తలుచుకో, చాలు.

మెట్లమీద ఫోను ఎత్తకు, అమ్మ చేసినా సరే. పైకెళ్లి, పసుపు గీత ఇవతల నిలబడి, అప్పుడు మాట్లాడు. ఆఫీసు వేళ చెయ్యొద్దని ఆవిడకి నేను చెప్తాలే. నువ్వు మాత్రం రేపట్నుంచి పావుగంట ముందు లే. అలారం నొక్కేసి మళ్లీ ముసుగు తన్నడం నాకు తెలీదనుకోకు.