బాటసారి ఋణము

పనికొఱకు నడచు నడకకును, సంతోషము కొఱకు నడచు నడకకును భేదము కలదు. మొదటిది అవసరము, రెండవది భోగము. అవసరము తన్ను తాను సమర్థించుకొనును. భోగమునకు మాత్రము ఒక ప్రశ్న వెన్నంటి యుండును: ఈ సుఖము ఎవరి సొత్తు? దీనికి మనము చెల్లించిన దేమి?

చల్లని గాలిలో సైకిలుపైనను, కాలినడకనను కొండదారుల వెంట విహరించుట నేడు మన బెంగళూరు పరిసరములలో మిక్కిలి ప్రబలినది. ఆదివారము తెల్లవాఱకమునుపే యువతీయువకులు గుంపులు గుంపులుగా నంది కొండ దెసకు సాగిపోవుచున్నారు. ఇట్టి నిరపాయమైన సుఖమునందు ధర్మవిచారమునకు తావెక్కడి దని కొందఱు నవ్వవచ్చును. తావు కలదని నా మనవి.

ముందుగా చల్లదనము మాట. బెంగళూరు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. వేయి మీటర్లు పైకి పోయినచో ఉష్ణోగ్రత దాదాపు ఆఱు డిగ్రీలు తగ్గునని శాస్త్రము. కావుననే కోస్తా జిల్లాలలో మన బంధువులు వేసవి రాత్రులు ఉక్కకు నిద్రలేక వేసారునప్పుడు, మన మిచ్చట సాయంకాలపు గాలికి వసారాలో హాయిగా కూర్చుండగలుగుచున్నాము. ఇందు మన ప్రయోజకత్వ మేమియు లేదు. నేల యెత్తు, అంతియే. నంది శిఖరము 4,851 అడుగులు గనుక అచ్చట గాలి మఱింత చల్లన. ఈ వరము శాశ్వత మనియు నమ్మరాదు. 2016 ఏప్రిల్ నెలలో బెంగళూరునందు ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలకు చేరినది.

ఇక దారి మాట. కొండ దైవనిర్మితము కావచ్చును గాని, కొండదారి మానవనిర్మితము. మేకల కాపరి, కట్టెలమోపు నెత్తినిడుకొని దిగు స్త్రీ, మ్రొక్కు చెల్లింపవచ్చిన యాత్రికుడు, కోటగోడకు రాళ్లు మోసిన కూలి, 1791లో ఆ కోట ఆంగ్లేయుల వశమగునాటికి దానిని కాచియుండిన సిపాయి, వీరందఱి పాదములు త్రొక్కగా త్రొక్కగా కాలిబాట యేర్పడినది. వేయికి పైబడిన మెట్లను తొలిచి పేర్చినవారి పేర్లు ఏ శాసనమునందును వెదకి ప్రయోజనము లేదు. బాట ఒకసారి వేసి విడిచిపెట్టునదియు కాదు. 2021 ఆగస్టులో పెద్దవాన కురిసి, కొండచరియ విఱిగిపడి, పైకిపోవు రోడ్డు చెడిపోగా కొన్ని మాసములు దారి మూతపడినది. దానిని మఱల నిలిపినవి కూలివారి చేతులే. విహారమునకు వచ్చువాడు వీరందఱి వెనుక వచ్చిన అతిథి.

అట్లయిన భోగమే దోషమా? కాదు. నంది గ్రామమునకు పోయి చూచిన వారికి దీని సమాధానము తెలియును. కొండ పాదమున భోగనందీశ్వరుడు, శిఖరమున యోగనందీశ్వరుడు. దిగువ ఆలయము తొమ్మిదవ శతాబ్దము నాటి మూలము గలది. భోగము యౌవనమునకు, యోగము విరక్తికి గుఱుతులని పెద్దలు చెప్పుదురు. మన పూర్వులు భోగమును ఊరివెలుపలికి త్రోసివేయలేదు. దానికి గుడి కట్టిరి. కాని ఆ గుడిని కొండ మొదట కట్టిరి, కొనయందు కాదు. భోగమునుండి బయలుదేరవచ్చును, అచ్చటనే నిలిచిపోరాదు. పైగా నడక బీదవానికిని అందుబాటులోని సుఖము. లక్ష రూపాయల సైకిలు గలవానికిని, అద్దె సైకిలు త్రొక్కువానికిని గాలి ఒక్కటే. ఇట్టి సుఖమును నిందించుట తగదు.

అయినచో ఋణ మెక్కడ నున్నది? 'నేనొక్కడను నడచినంత మాత్రమున కొండ అరుగునా? నేను పాఱవేసిన ఒక్క కాగితము అడవిని చెఱచునా?' యని ఒకరు అడుగుదురు. ఆఫీసులో లెక్కలు వ్రాసినవారికి ఈ వాదము క్రొత్తది కాదు. ప్రతి పద్దులోను ఒక్కొక్క పైసాను విడిచిపెట్టుచు పోయినచో, ఏ పద్దు చూచినను తప్పు కానరాదు. సంవత్సరాంతమున మొత్తము మాత్రము కుదరదు. ఒకడు చేసిన నిర్దోషమైన పని వేయిమంది చేసినప్పుడు దోషమగుట ఈ కాలపు ధర్మసంకటము. 2024 జనవరి నెలాఖరున కుమారపర్వతమునకు ఒక్కసారిగా వేలమంది రాగా, ముందుగా పేరు నమోదు చేసికొను ఏర్పాటు లేని కొండదారుల ప్రయాణములను అటవీశాఖవారు కొంతకాలము నిలిపివేసిరి. వచ్చినవారిలో చెడ్డవా రెందఱు? బహుశః మిక్కిలి తక్కువ. అయినను శిక్ష అందఱికిని పడినది. చట్టము తలలను లెక్కింపగలదు, మర్యాదను నేర్పజాలదు. అది మనము నేర్వవలసినది.

ఆ మర్యాద యెట్టిది? దారి యెవరికి విడువవలయునో మనుస్మృతి రెండవ అధ్యాయము చెప్పుచున్నది. వాహనముపై నున్నవానికి, అతివృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి, మఱికొందఱికి త్రోవ ఇయ్యవలెనట. మన సైకిలు యువకుడు 'చక్రములవాడను నేనే మొదటివాడను' అని గంట మ్రోగింపవచ్చును! కాని ఆ నియమములోని ఆంతర్యము, ప్రక్కకు తప్పుకొనుట ఎవరికి కష్టమో వారికి త్రోవ విడువు మనుటయే యని నాకు తోచుచున్నది. కట్టెలమోపుతో దిగు స్త్రీ ఎదురైనప్పుడు, తేలికయైన సైకిలే ఒత్తిగిలవలెను. అవసరమునకు భోగము దారి ఇచ్చుట ప్రథమధర్మము. మనము వచ్చినట్టి బాటనే వెనుక వచ్చువానికి విడిచిపోవుట రెండవది. ఒక సుఖము ధర్మ్యమైనదా కాదా యని తెలిసికొనుటకు నా యెఱిగిన గుఱుతు ఒక్కటే: నేననుభవించిన పిమ్మట అది ఇంకొకరికి అంతే మిగిలియున్నదా?

ఈ విచారము తెలుగువారికి విశేషముగా తగును. నంది పర్వతశ్రేణియందలి చెన్నకేశవ కొండలో పుట్టిన పెన్న, అనంతపురము, కడప సీమలను తడిపి నెల్లూరు సీమలో సాగరమును చేరుచున్నది. కొండ కన్నడ దేశమున నున్నను, నీరు మన తాతల పొలములకు పాఱినది. అట్లే ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి వచ్చిన కుటుంబమున, నంది చెంతనున్న ముద్దేనహళ్లిలో 1861లో జన్మించిన విశ్వేశ్వరయ్యగారు కన్నడనాటికి చేసిన సేవ లోకవిదితము. వలసవచ్చినవాడు ఋణము తీర్చుకొను విధమునకు అంతకన్న నిదర్శన మేల? మనమును ఎవరో వేసిన బాటపై ఈ నేలకు వచ్చినవారమే. ఇంట తెలుగు, వీధిని కన్నడము మాటలాడుచు, తరములుగా ఇచ్చటి గాలిని, నీటిని, ఆదరమును అనుభవించితిమి. ఆ యనుభవమే మనకు అతిథిధర్మమును నేర్పవలెను.

కావున పెద్దలు తమ మనుమలను కొండకు పంపుడు. వీలయినచో మెట్లదారినే పంపుడు. కాళ్లు నొచ్చినప్పుడు ఆ మెట్లు వేసినవారు జ్ఞప్తికి వత్తురు. క్రిందికి దిగునప్పుడు తమ చెత్తను తమ సంచిలోనే తెచ్చుకొనుటయు, ఎదురువచ్చు కాపరిని కన్నడములో నాలుగు మంచి మాటలతో పలుకరించుటయు వారికి నేర్పుడు. ఋణము పూర్తిగా తీరక పోవచ్చును. పద్దు మాత్రము మన పేర నిజాయితీగా వ్రాయబడును.